పాశ్చాత్య నాగరికతను మనం ఎందుకు చదవాలి? బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి కొన్ని ఆలోచనలు

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం. బుద్ధ వందన, త్రిశరణ పంచశీలాలు అయిపోయాక మా రైల్వే క్వార్టరు ముందుగదిలో పదిమందిమి కూర్చుని టీ తాగుతున్నాం. బి.ఏ. చదువుతున్న మా అన్నయ్య కూతురు చేతిలో పుస్తకం మూసి అడిగింది: "బాబాయ్, ఏథెన్సు, రోము, లూథరు, ఫ్రెంచి విప్లవం, అన్నీ పరీక్ష కోసం బట్టీపడుతున్నాను. ఊరవతల బతికిన మన తాతముత్తాతల చరిత్రే ఎవరూ సరిగ్గా రాయలేదు. ఆ తెల్లోళ్ళ చరిత్ర మనకెందుకు?"

పక్కనే ఉన్న రిటైర్డ్ గార్డు గారు వెంటనే అందుకున్నారు. "అలా అనకమ్మా. తెల్లవాడు రాకపోతే మనకు బడి ఉండేదా? ఈ రైలుద్యోగం ఉండేదా?" ఇంకొకాయనకు కోపం వచ్చింది. "దోచుకుపోవడానికి వచ్చినవాడికి దండం పెట్టమంటారా?" టీ చల్లారింది గాని వాదన చల్లారలేదు.

ఈ మూడు మాటలూ మన సంఘాల్లో తరచుగా వినపడేవే. ఒకటి విముఖత, ఒకటి కృతజ్ఞత, ఒకటి ఆగ్రహం. మూడింటికీ కారణాలున్నాయి. కాని ఆ మూడింటిలో దేనితో మొదలుపెట్టినా చదవకముందే తీర్పు చెప్పేసినట్టు అవుతుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ పాశ్చాత్య చరిత్రను చదివిన తీరు వేరు. అణగారిన మనుషులు ఎక్కడ, ఎలా లేచి నిలబడ్డారు? లేచినవాళ్ళు ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు? ఆయన రచనల్లో రోము, ఐరోపా ప్రస్తావన వచ్చిన చోటల్లా ఈ ప్రశ్నలే కనిపిస్తాయి. ఆ ప్రశ్నలు పట్టుకుని ఆ చరిత్రలో నాలుగు మజిలీలు చూద్దాం.

ఈ మట్టిలో దొరికిన రోము నాణేలు

ముందుగా "వాళ్ళ చరిత్ర", "మన చరిత్ర" అనే గీత సంగతి. మన బిలాస్‌పూర్‌కు దగ్గరలోనే చకర్‌బేఢా అనే పల్లెలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. సముద్రతీరంలో ఓడరేవు దగ్గర దొరికితే వింత లేదు, ఇక్కడ, మధ్యభారతం నడిబొడ్డున దొరికాయి. మన నాగార్జునకొండలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. భారతదేశంతో వ్యాపారం వల్ల ఏటా 5 కోట్ల సెస్టర్సులు రోము ఖజానా నుంచి తరలిపోతున్నాయని క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు.

నాణేలతో పాటు మనుషులు, ఆలోచనలూ ప్రయాణించాయి. అశోక చక్రవర్తి తన 13వ శిలాశాసనంలో ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెక్కించాడు. కాందహార్‌లో ఆయన ధమ్మ శాసనం గ్రీకు భాషలోనే ఉంది. కార్లే గుహల్లో స్తంభాలు దానం చేసినవారిలో యవనులున్నారు. గ్రీకు రాజు మిలిందుడు నాగసేన భిక్షువును అడిగిన ప్రశ్నలు పాళీ వాఙ్మయంలో ఒక గ్రంథమే అయ్యాయి. తరవాతి కాలంలో బోధిసత్త్వుని కథ నోటినోటా, భాష నుంచి భాషకు పడమటికి సాగి, చివరికి జోసఫత్ అనే క్రైస్తవ సాధువు కథగా మారింది. ఆ పేరు "బోధిసత్త్వ" మాటకు రూపాంతరమే.

పుస్తకాలదీ ఇదే దారి. ఐరోపా తన గ్రీకు గ్రంథాల్లో కొన్నింటిని తిరిగి తెలుసుకున్నది అరబ్బీ అనువాదాల ద్వారా. ఆ అనువాదాలు జరిగిన బాగ్దాదులో మంత్రులుగా వెలిగిన బర్మకీ వంశం వారి పూర్వీకులు బల్ఖ్ నగరంలోని నవవిహారం అనే బౌద్ధారామానికి అధిపతులు. ఐరోపాను కుదిపేసిన అచ్చుయంత్రం కన్నా చాలా ముందే చైనాలో అచ్చు ఉంది. తేదీ తెలిసిన అచ్చు పుస్తకాల్లో మనకు మిగిలిన మొదటిది 868 నాటి వజ్రచ్ఛేదికా సూత్రం, అంటే మన బౌద్ధ గ్రంథమే.

కాబట్టి పాశ్చాత్య నాగరికత అంటే పడమటివాళ్ళు ఒంటరిగా కట్టుకున్న కోట కాదు. పదిమంది చెయ్యి పడ్డ ఇల్లు అది. ఆ ఇంటి గోడల్లో మన ఇటుకలూ ఉన్నాయి.

ఈ పాఠం ఎక్కడ తయారైంది?

"పాశ్చాత్య నాగరికత" అనేది ఒక పాఠ్యాంశంగా కాలేజీల్లో ఎప్పటి నుంచో ఉందని అనుకుంటాం. నిజానికి దానికి వందేళ్ళకు కాస్త ఎక్కువ వయసు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం కొత్తగా చేరిన విద్యార్థులందరికీ "సమకాలీన నాగరికత" అనే కోర్సును తప్పనిసరి చేసింది. అమెరికా కాలేజీల్లో తరవాత వ్యాపించిన ఇలాంటి కోర్సులకు అదే మూలం. అంతకు ముందే అక్కడ జేమ్స్ హార్వీ రాబిన్సన్ అనే చరిత్రాచార్యుడు కొత్త బాట వేశాడు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు మాత్రమే కాదు, మామూలు మనుషుల జీవితం, ఆలోచనలు మారిన తీరు అని, గతాన్ని చదివేది నేటి సమస్యలు అర్థం చేసుకోవడానికి అని ఆయన వాదం.

ఆ సంవత్సరాలు గమనించండి. 1913 నుంచి 1916 వరకు కొలంబియాలో చదివిన బాబాసాహెబ్ ఆ రాబిన్సన్ తరగతుల్లో కూర్చున్నారు. జాన్ డ్యూయీ దగ్గర తత్వశాస్త్రం, సెలిగ్మన్ దగ్గర ఆర్థికశాస్త్రం చదివారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలోని కులాల మీద తన పత్రం చదివారు. అంటే, ఈ పాఠం తయారవుతున్న చోటే, తయారవుతున్న రోజుల్లోనే, బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న ఒక మహర్ విద్యార్థి దాన్ని విన్నాడు. విని, దాన్ని మన ప్రశ్నలకు పనికొచ్చేలా మలుచుకున్నాడు.

రోము: రాసిన చట్టం, తెంచిన కంచె

రోము అనగానే సీజర్ గుర్తొస్తాడు. మనకు అంతకన్నా ముఖ్యమైనవారు ప్లీబియన్లు. రోము సమాజంలో పెట్రీషియన్లు పై వర్గం. పదవులు, పౌరోహిత్యం, చట్టం అన్నీ వాళ్ళ గుప్పిట్లోనే. చట్టం రాతలో లేదు, పెట్రీషియన్ న్యాయాధికారి చెప్పిందే చట్టం. వేదం వింటే శిక్ష అన్న ధర్మశాస్త్రాలను ఎరిగిన మనకు ఈ పరిస్థితిని విడమరిచి చెప్పనక్కర్లేదు.

సంప్రదాయ చరిత్ర ప్రకారం క్రీ.పూ. 494లో ప్లీబియన్లు నగరం వదిలి దగ్గరలోని కొండ మీదికి వెళ్ళిపోయారు. పని చేసేది లేదు, యుద్ధానికి వచ్చేది లేదు అన్నారు. అది ఒక విధంగా సార్వత్రిక సమ్మె. పాలకులు దిగివచ్చి, ప్లీబియన్ల తరఫున మాట్లాడే ట్రిబ్యూన్ పదవికి ఒప్పుకున్నారు. తరవాత క్రీ.పూ. 451-450లో చట్టాన్ని పన్నెండు పట్టికల మీద రాసి అందరికీ కనపడేలా పెట్టారు. అయితే ఆ పట్టికల్లోనే ఒక విషం ఉంది. పెట్రీషియన్లకూ ప్లీబియన్లకూ మధ్య పెళ్ళి నిషేధం. దాని మీద మళ్ళీ పోరాడి క్రీ.పూ. 445లో ఆ నిషేధాన్ని కొట్టేయించారు. క్రీ.పూ. 367లో అత్యున్నతమైన కాన్సల్ పదవి ప్లీబియన్లకు అందింది.

రాసిన చట్టం, ప్రాతినిధ్యం, పెళ్ళి, పదవి. మన ఉద్యమం అడిగినవన్నీ ఈ వరసలో ఉన్నాయి. కాని బాబాసాహెబ్ ఇక్కడితో ఆగలేదు. 1936లో అచ్చయిన "కుల నిర్మూలన"లో రోము గురించి ఒక పదునైన మాట చెప్పారు. ప్లీబియన్లకు కాన్సల్ పదవి దక్కినా, ఎన్నికైనవాడిని దేవత ఆమోదించాలన్న నమ్మకం వాళ్ళలోనూ ఉంది. దేవత మాట చెప్పే పూజారులు పెట్రీషియన్లు. అందుకని, తమ కోసం గట్టిగా నిలబడే మనిషి ఎప్పుడూ దేవతకు నచ్చేవాడు కాదు. మెతకవాడే నెగ్గేవాడు. రిజర్వుడు సీటులో గెలిచినవాళ్ళ నోరు ఎందుకు మూతపడుతుందో ఆలోచించేవారికి ఈ పాఠం చాలు. పదవి చేతికొచ్చింది, మనసు మాత్రం పూజారి చేతిలోనే ఉండిపోయింది.

లూథరు: ముందు మనసు, తరవాత రాజ్యం

అదే పుస్తకంలో ఆయన ఐరోపా మత సంస్కరణ ఉద్యమాన్ని ప్రస్తావించారు. 1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాడు. తరవాత బైబిలును జర్మన్ జనభాషలోకి తెచ్చాడు. అచ్చుయంత్రం దాన్ని ఇంటింటికీ చేర్చింది. మనిషికీ దేవుడికీ మధ్య పూజారి గుత్తాధిపత్యం బీటలు వారింది. ఐరోపా ప్రజల రాజకీయ విముక్తికి ఈ మత విప్లవమే ముందు నడిచిందని బాబాసాహెబ్ వాదించారు. మన దేశంలోనూ చంద్రగుప్తుని రాజకీయ విప్లవానికి ముందు బుద్ధుని ధార్మిక, సామాజిక విప్లవం నడిచిందని పక్కనే ఉదహరించారు.

జనభాషలో చెప్పడం మనకు కొత్త కాదు. లూథరుకు రెండు వేల ఏళ్ళ ముందే, తన బోధను ఛాందస్సులోకి మారుస్తామన్న భిక్షువులను బుద్ధుడు వారించి, ఎవరి భాషలో వారు నేర్చుకోవచ్చని అనుమతించాడని వినయపిటకం చెబుతోంది.

అయితే లూథరు కథలోనూ ఒక ఆగిపోయిన చోటు ఉంది. 1525లో జర్మన్ రైతులు "దేవుని ముందు అందరం సమానమైతే దొరల ముందు వెట్టి ఎందుకు?" అనే ధోరణిలో తిరగబడ్డప్పుడు లూథరు దొరల పక్షాన నిలిచాడు. ఆత్మకు స్వేచ్ఛ సరే, వెన్నెముకకు మాత్రం వద్దన్నాడు.

ఫ్రాన్సు: మూడు మాటలు, ఒక ద్వీపం

1789 ఫ్రెంచి విప్లవం స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం అనే మాటలను ప్రపంచానికి చాటింది. ఆ మాటల బరువు ఎంతో తెలియాలంటే ప్యారిస్ కాదు, కరీబియన్ సముద్రంలో అప్పటి ఫ్రెంచి వలస అయిన హైతీ చూడాలి. చెరకు తోటల్లో నల్లజాతి బానిసలు 1791లో తిరగబడ్డారు. "మనుషులంతా సమానమన్నారు కదా, మేమూ మనుషులమే" అని నిలదీశారు. 1794లో ఫ్రెంచి సభ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ ఫ్రెంచి వలసల్లో దాన్ని మళ్ళీ తెచ్చాడు. హైతీ ప్రజలు అతని సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు ఏం చేసిందో తెలుసా? పోయిన ఆస్తికి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమని హైతీ మెడ మీద కత్తి పెట్టింది. ఆ "ఆస్తి"లో మనుషులూ ఉన్నారు.

అమెరికాదీ అదే కథ. 1776లో మనుషులందరూ సమానంగా పుట్టారని ప్రకటించినవారిలో చాలామంది బానిసల యజమానులు. ఆ బానిసత్వం చట్టంలో నుంచి పోవడానికి 1865 దాకా, ఒక అంతర్యుద్ధం దాకా ఆగాల్సివచ్చింది. మహాత్మా ఫూలే 1873లో "గులాంగిరి"ని ఆ బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకే అంకితమిచ్చారు. ప్రకటన రాసినవారికన్నా దాన్ని అమలు చేయించినవారి పక్కన ఫూలే నిలబడ్డారు. మనం గుర్తుంచుకోవలసిన తేడా ఇది.

రైలు: యంత్రం కులాన్ని కరిగించిందా?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పడమటి నాగరికత మన వాకిట్లోకి వచ్చింది ఆవిరి ఇంజను ఎక్కి. 1853లో బొంబాయి-థానే మధ్య రైలు నడిచింది. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1891లో నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా దారి తెరుచుకుంది. అదే కంపెనీ పట్టాలు వాల్తేరు దాకా సాగడంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జనం పనుల కోసం ఈ దారి పట్టారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. మా తాత కూడా అలా వచ్చినవాడే, గ్యాంగ్‌మన్‌గా. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. నేటికీ కాలనీ వీధుల్లో తెలుగు వినపడుతూనే ఉంటుంది.

ఆ 1853లోనే కార్ల్ మార్క్స్ ఒక అమెరికా పత్రికలో భారతదేశం గురించి రాస్తూ, రైల్వేలతో వచ్చే ఆధునిక పరిశ్రమ కులానికి పునాది అయిన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగించేస్తుందని అంచనా వేశాడు. ఆ అంచనా నిజమైందా? కొంత అయింది. ఒకే బోగీలో, ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఊరి పెత్తందారు కళ్ళెదుట నుంచి బయటపడి నెల జీతం మొహం చూశాం. సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె అనే ఆయుధం ఈ పట్టాల మీదే నేర్చుకున్నాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపిన నాయకుల్లో మన వి.వి. గిరి ఒకరు.

ఎంత కాలేదో కూడా చూడాలి. పట్టాలు పడిన పదేళ్ళలోపే, 1896-97లో, 1899-1900లో రెండు మహా కరువులు ఛత్తీస్‌గఢ్‌ను ఊడ్చేశాయి. రైలు ఉన్నంత మాత్రాన కంచంలోకి కూడు రాలేదు. ఇక కులం సంగతి. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన అస్పృశ్య రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ కళ్ళకు కట్టినట్టు చెప్పారు. మనవాళ్ళు బతుకంతా గ్యాంగ్‌మన్‌లుగానే మిగిలిపోతున్నారు. పోర్టరు పని కూడా దొరకదు. ఎందుకంటే స్టేషన్ మాస్టరు పోర్టరును ఇంటి పనికి కూడా వాడుకుంటాడు, అంటరానివాడిని ఇంట్లోకి రానివ్వడు. వర్క్‌షాపుల్లో నైపుణ్యం ఉన్న పనులూ అందవు. కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని ఆయన ప్రకటించింది ఆ సభలోనే. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం అనే స్ఫూర్తిని నిరాకరించడమే తన దృష్టిలో బ్రాహ్మణవాదమని వివరించారు.

ఇంజను ఇంగ్లండు నుంచి దిగింది, స్టేషన్ మాస్టరు ఇంటి గడప మాత్రం మనుధర్మంలోనే ఉంది. మార్క్స్ చూడలేకపోయిన ఆ గడపను బాబాసాహెబ్ చూశారు. యంత్రం పనిని మార్చగలదు. తోటి మనిషిని తాకాలా వద్దా అని నిర్ణయించే మనసును అది మార్చలేదు.

మిగిలిపోయిన మూడో మాట

ఈ మజిలీలన్నీ కలిపి చూడండి. రోములో పదవి వచ్చింది, మనసు మారలేదు. జర్మనీలో మనసు కొంత మారింది, రైతు వెట్టి పోలేదు. ఫ్రాన్సు సమానత్వం సముద్రం దాటలేదు. రైలు వచ్చింది, గడప కదలలేదు. ప్రతిచోటా స్వేచ్ఛ కోసం, సమానత్వం కోసం గట్టి అడుగులు పడ్డాయి. ప్రతిచోటా తడబడింది మూడో మాట దగ్గరే: ఎదుటివాడు నాలాంటి మనిషి అనే భావన.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పిన సారం ఇదే. ఆ మూడింటినీ విడదీయలేం. సోదరత్వం లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం సహజంగా నిలవవు, వాటిని నిలబెట్టడానికి పోలీసు కావాలి. అదే ప్రసంగంలో ఆయన ప్రజాస్వామ్యం మనకు కొత్తది కాదని, భిక్షు సంఘాల్లో తీర్మానం, ఓటింగు వంటి సభా నియమాలు ఉండేవని గుర్తుచేశారు. 1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో మాట్లాడుతూ, ఈ మూడు మాటలనూ తాను ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, తన గురువైన బుద్ధుని బోధల నుంచి గ్రహించానని స్పష్టం చేశారు. ఆ మాట పాశ్చాత్య చరిత్రను తిరస్కరించడానికి అన్నది కాదు. దాన్ని చివరిదాకా చదివిన మనిషి, అది ఎక్కడ ఆగిందో తెలిసి అన్నది. రెండేళ్ళ తరవాత, 1956 అక్టోబర్ 14న, నాగ్‌పూర్‌లో లక్షలమందితో కలిసి ఆయన వేసిన అడుగు కూడా ఆ చదువు ఫలితమే. మైత్రి లేని సమానత్వం కాగితం మీదే ఉంటుందని తెలిసి వేసిన అడుగు.

ఈనాటికి పనికొచ్చే చదువు

ఇప్పుడు ఐరోపాలోనూ, అమెరికాలోనూ "మా నాగరికతే గొప్పది, బయటివాళ్ళు దాన్ని పాడుచేస్తున్నారు" అనే గొంతులు పెరుగుతున్నాయి. ఇక్కడా అదే పాట "మా సనాతనం" అనే పల్లవితో వినపడుతోంది. రెండింటికీ మందు ఒకటే: గతాన్ని గర్వంతో కాకుండా పరిశీలనతో చదవడం. సంప్రదాయమనీ, గ్రంథంలో ఉందనీ, గురువు చెప్పాడనీ నమ్మవద్దని, మేలు కీడు స్వయంగా పరిశీలించి స్వీకరించమని బుద్ధుడు కేసపుత్తలో కాలాములకు చెప్పిన పద్ధతి మన వేదాలకే కాదు, ప్లేటోకూ వర్తిస్తుంది, మార్క్సుకూ వర్తిస్తుంది.

అందుకని మన పఠన బృందాలకు నాదొక సూచన. పాశ్చాత్య చరిత్రలో ఏ అధ్యాయం చదివినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఒకటి, ఈ గొప్ప మాట చెప్పిన రోజున ఎవరు గుమ్మం బయట ఉన్నారు? ఏథెన్సు ప్రజాస్వామ్యంలో స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు ఓటు లేదు. రెండు, ఆ గుమ్మాన్ని వెడల్పు చేసింది ఎవరు? మూడు, చట్టంతో పాటు మనసు కూడా మారిందా? ఇవే ప్రశ్నలను తరవాత మన స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి వేసుకుందాం. పట్టాల మధ్య చెత్త ఊడ్చే చేతులు ఎవరివి? ఆ చేతులు ఏ వాడ నుంచి వస్తున్నాయి? 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రద్దు మన వంటింటి దాకా, పెళ్ళి సంబంధాల దాకా వచ్చిందా? మనలోని ఉపకులాల మధ్య అయినా వచ్చిందా?

చివరి ప్రశ్న దగ్గర ఆ ఆదివారం గది నిశ్శబ్దమైంది. గార్డు గారు కూడా మాట్లాడలేదు.

తరవాతి వారం మా అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఒక పేజీలో రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసుకుంది. ఒకటి క్రీ.పూ. 445, రోములో వర్గాంతర వివాహం మీద నిషేధం పోయిన సంవత్సరం. రెండోది 1916, సొంత కులంలోనే పెళ్ళి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని ఇరవై అయిదేళ్ళ అంబేడ్కర్ న్యూయార్కులో చదివి వినిపించిన సంవత్సరం. "రోమువాళ్ళకు ఆ సంగతి అంత ముందే తెలిసింది బాబాయ్. మనకు ఎప్పుడు తెలుస్తుంది?" అని అడిగింది.

మా ఇంట్లో పెళ్ళీడుకు వచ్చిన పిల్లలు ఇద్దరున్నారు. జవాబు చెప్పవలసింది నేనే.

జై భీమ్. నమో బుద్ధాయ.